గాలిలో సోఫా

విరిగిన కాలికి పిండికట్టు వేసి
ఆరు వారాలు కదలొద్దంది డాక్టరమ్మ.
అందుకే ఎదురింటి ముందుగది సంగతి
ఆ ఇంటివాళ్ళకన్నా నాకే ఎక్కువ తెలుసు.

లైడెన్‌లో కాలువకు అటు వాళ్ళు, ఇటు నేను.
మా వీధిలో కిటికీలకు పరదాలుండవు.
దాచుకోవడానికి ఏముందని పెద్దల మాట.
చూడకుండా నడిచిపోవడం
పిల్లలకు మేం ముందుగా నేర్పే మర్యాద.
కాలు విరిగినవాళ్ళకు ఆ మర్యాద వర్తించదనుకుంటాను.

మొదటి వారం అన్నీ బయటికొచ్చాయి.
చేతులు అరిగిన కాఫీరంగు కుర్చీలు,
రాగి పళ్ళేలు, బల్లమీద పరిచే ఎర్ర కంబళి,
నాలుగుంబావు దగ్గర అలిగి కూర్చున్న గోడగడియారం.
గట్టున వరసగా పెట్టారు, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని.
ఎవరో ముసలాయన గడియారాన్ని సైకిలు వెనక కట్టుకుని
పసిపిల్లను తీసుకెళ్తున్నట్టు మెల్లగా తొక్కుకుంటూ పోయాడు.
మిగతావి వానలో తడిశాయి.

రెండో వారమంతా తెలుపు.
తెలుపంటే ఒకటే అనుకున్నాను. కాదట.
వీట్స్కె గోడమీద తొమ్మిది చదరాలు పూసింది.
సున్నం తెలుపు, పెరుగు తెలుపు, గుడ్డు లోపలి పొర తెలుపు,
జ్వరం దిగిన మర్నాటి ముఖం తెలుపు.
(పేర్లు నేను పెట్టినవే, ఇంత దూరం నుంచి.)
యోరిట్ వెనక్కి వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి,
తొమ్మిదింటినీ చూసి భుజాలెగరేశాడు.
ఆ రాత్రి ఇద్దరూ చెరో గదిలో దీపం వెలిగించుకున్నారు.
పొద్దున్నకల్లా జ్వరం దిగిన ముఖమే గెలిచింది.

తరవాత వచ్చినవి చాలా తక్కువ.
గాలపుకర్రలా వంగిన నల్లదీపం.
మోకాళ్ళకు కూడా అందని బల్ల.
సిమెంటు కుండీలో ఒక్కటే మొక్క, మూడే ఆకులు.
గోడకు తెల్లటి గుడ్డ మీద ఒక నల్లగీత,
గీస్తుండగా ఎవరో తలుపు కొట్టినట్టు
సగంలో ఆగింది.

ఇక సోఫా.
మా మెట్లు నిచ్చెనకు తోబుట్టువులు,
పిల్లి కూడా పక్కకు తిరిగి ఎక్కుతుంది.
కాబట్టి కిటికీ చట్రం విప్పారు.
ఇంటి నెత్తిన నాలుగొందలేళ్ళ కొక్కేనికి తాడు వేశారు.
కింద బారెండ్ లాగాడు.
బూడిదరంగు సోఫా, ముగ్గురు కూర్చునేది,
నేల వదిలి లేచింది.

సగం దూరంలో కప్పీ బిగుసుకుపోయింది.

ఇరవై నిమిషాలు.
వంతెన మీద సైకిళ్ళాగాయి.
సముద్రం వైపు నుంచి వచ్చిన సీగల్ ఒకటి
సోఫా చేతిమీద వాలి, మెత్తదనం చూసుకుని,
ఇంటి యజమానిలా అటూ ఇటూ చూసింది.
వీట్స్కె నడుం దాకా బయటికి వంగింది.
చెయ్యి చాచింది, జానెడు తక్కువ.
యోరిట్ ఆమె స్వెట్టర్ అంచు పట్టుకున్నాడు.
ముందు ఎవరు నవ్వారో నాకు కనపడలేదు.
కింద నీళ్ళు, వెనక మబ్బు, గోడల్లేవు,
ఏ తెలుపో తేల్చుకోవక్కర్లేదు.
నేను చూసిన ముందుగదుల్లో
అంత బాగా అమరింది మరొకటి లేదు.

తరవాత అది లోపలికి పోయింది. చట్రం బిగించారు.
గది పూర్తయింది. దిష్టి తగిలేంత అందం.
వాళ్ళు అందులో చుట్టాల్లా మసిలారు,
కప్పు ఎక్కడ పెట్టాలో తెలీక చేతుల్లోనే పట్టుకుని.

ఐదో వారం యోరిట్ నేలమీద కూర్చున్నాడు,
సోఫాకు వీపు ఆనించి.
ఆరో వారం, వాన రోజు, హీటరు మీద
ఒక జత ఎర్రసాక్సులు.
గది మొత్తానికి అదొక్కటే రంగు.
వీట్స్కె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.
నేను ఊపిరి బిగబట్టాను.
ఆమె సాక్సులు తీసి, మడిచి, లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు మళ్ళీ వాన. నాలుగు సాక్సులు.
రెండు ఎరుపు, రెండు చారలవి.
గీత బొమ్మ కొద్దిగా ఒరిగివుంది,
ఎవరూ సరిచెయ్యలేదు.

రేపు నా కట్టు కోస్తారు.
వంతెన దాటి, రొట్టె కొనుక్కోవడానికి,
ఆ కిటికీ ముందునుంచే వెళ్ళాలి నేను,
చూడకుండా.