బదులు

దూలానికి వేలాడే గోగునార తాడులో
పదకొండు ముళ్ళున్నాయి.
నువ్వేసినవి.

అక్షరం రాదు నీకు. లెక్క తప్పేదానివి కాదు.
సన్యాసమ్మ చేలో కలుపుకెళ్తే ఒక ముడి,
అచ్చియ్యమ్మ ఊడ్పుకెళ్తే రెండు.
వాళ్ళు మన చేలో దిగిన సాయంత్రం
పళ్ళతో పట్టి ఒక్కోటీ విప్పేదానివి.
డబ్బు కాదు, బదులు.
నడుం నొప్పికి నడుం నొప్పి.

ఆషాఢం ఊడ్పులకి కూడా వెళ్ళొచ్చావు,
రొమ్ములో గడ్డ అప్పటికే నిమ్మకాయంత.
చెప్పలేదు.

గజపతినగరంలో చీకటుండగా పాసింజరెక్కి
విశాఖ పెద్దాసుపత్రికి తొమ్మిదిసార్లు.
కిటికీలోంచి నువ్వు ఊళ్ళు చూళ్ళేదు, చేలు చూశావు.
"ఈళ్ళ గోగు పూతకొచ్చీసింది, ఇంకా కొయ్యరేటి?"
తలకి చుట్టుకున్న తువ్వాలు
దండెం మీదే ఉంది. తియ్యలేదు.

నువ్వు మంచంలో ఉండగా కోసి నానేసిన గోగు
దినాలు అయ్యేసరికి మడుగులో కుళ్ళింది.
ఇంకో రెండ్రోజులైతే నార నల్లబడిపోతుందని తెలుసు.
అయినా అరుగు దిగలేదు.

పొద్దున్నే నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూస్తే
మోకాలిబంటి మడుగులో సన్యాసమ్మ.
"నీకు కాదు. తవిటికి బాకీ," అంది తలెత్తకుండా.

ఆ సాయంత్రం ముడి గోళ్ళకి రాలేదు.
పళ్ళతో పట్టాను. నార మీద నీ చుట్ట వాసన.
నేను వేసినవి మూడే.
అవి నీతోనే పోయాయి.

తర్వాత అచ్చియ్యమ్మ. బోడమ్మా, కోడలూ.
రెండేళ్ళుగా నీతో మాటల్లేని రావయ్యమ్మ కూడా వచ్చి
నాతోనూ మాటాడకుండా
నార తీసి, ఆరేసి, పోయింది.

ఈసారి నార తెల్లగా వచ్చింది.
నీ జుట్టు నెరిసుంటే అలాగుండేదేమో.
నలభైరెండేళ్ళకి నెరవదు గదా.

ఒక్క ముడి మిగిలింది. ఎరకమ్మది.
రాత్రి గుమ్మం దగ్గరికొచ్చి
"రేపొస్తాను బావా, నాదొక్కటే ఉండిపోనాది," అంది.
"రావొద్దమ్మా."
"పని లేదేటి?"
"ఉంది."

కొంగు చివర నములుతూ చాలాసేపు నిల్చుంది.
"మరి దానికెప్పుడు తీర్చీది?"

నా దగ్గర బదులు లేదు.

మర్నాడు నేనొక్కణ్ణే దిగాను మడుగులోకి.
నీళ్ళు చల్లగా ఉన్నాయి.
ఆవలి గట్టు మీంచి పోతూ ఎరకమ్మ ఆగింది.
చూసింది.
దిగలేదు.