పదిహేను వేల అడుగులు

తొంభై తొమ్మిది ఏప్రిల్. కాలవలు కట్టేసిన నెల.
తాళ్ళరేవు సెంటర్లో, నా కొట్టు ముందు నుంచి
దాళ్వా వడ్ల ట్రాక్టర్లు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.
బల్ల మీద రైసుమిల్లు వారి కలర్ టీవీ.
బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు.

సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేలోపు
పల్లాలమ్మ ఎండు సావళ్ళ తట్ట గుమ్మం పక్కన దించి
చెంగుతో మెడ తుడుచుకుంటూ తెర వంక చూసింది.

అక్కడా ట్రాక్టర్లే.
వడ్లకి బదులు మనుషులు.
పరుపులు, ఒక కుట్టుమిషను,
ఒళ్ళో గోడగడియారం పట్టుకున్న ముసలాయన.

"ఎక్కడి జనంరా?"
"యూరప్‌లో ఎక్కడో. జాతి వేరని
సొంత దేశమే తరిమేస్తోందంట.
పంతొమ్మిది దేశాలు జట్టు కట్టి విమానాలు పంపాయి,
ఈళ్ళని కాపాడ్డానికి."
"మరి కాలిపోయిన ఆ ట్రాక్టరు?"
"అదీ ఈళ్ళదే. పొరపాటంట.
కింద నుంచి కొడితే తగలకుండా
పదిహేను వేల అడుగుల మీద ఎగురుతున్నారు."

"అడుగులంటే, మైళ్ళలో ఎంత?"
"మూడుకి కాస్త తక్కువ."
"ఓస్. పొద్దున్నే తట్టతో నేనొచ్చినంత."

ఆమె లెక్కలో అడుగంటే ఎత్తు కాదు.
ఏడేళ్ళప్పుడు రంగూన్లో మొదలుపెట్టి వేసింది.
వాళ్ళ అయ్య అక్కడ రేవులో మూటలు మోసేవాడు.
ఆమె ఇంకా పుట్టని ఒక వేసవిలో
కత్తులు పట్టుకుని సందు సందూ వెతికారంట, కోరంగీల కోసం.
మా రేవుల్లో ఓడెక్కిన ప్రతివాడికీ అక్కడ అదే పేరు,
అదే తిట్టు.
ఇక్కడ దాన్ని బస్సు బోర్డు మీద రాస్తారు.

తర్వాత జపాను బాంబులు.
కాపాడాల్సిన దొరల సైన్యం ముందే మూట కట్టింది.
కొండల్లో తెల్లవాళ్ళకొక బాట, మిగతా రంగులకొక బాట.
జ్వరంతో కాలిపోతున్న తమ్ముణ్ణి చెట్టు కింద పడుకోబెట్టి
"లేస్తాడులే, ఎనకాల వస్తాడు" అందంట వాళ్ళమ్మ.

"ఈళ్ళ కోసం ఎవరూ రాకపోతే నరికేసేవారా?"
"నరికేసేవారే అనుకుంటా."
"వచ్చినా చచ్చారు."
ఒక సావడ తీసి, ఎందుకో మళ్ళీ తట్టలో పెట్టింది.
"అయినా రావాలిరా. మాకెవరూ రాలేదు.
మొన్న తొంభయ్యారు తుపానుకి హెలికాప్టరు వచ్చింది గదా,
పులిహోర పొట్లాలు సగం మడబురదలో పడ్డాయి.
అదీ గురి తప్పడవే.
కానీ ఒకసారి బాగా కిందకి దిగాడు. కుర్రాడు, మీసం లేదు.
నేను దండం పెడితే చెయ్యూపాడు."

తీగ అతుక్కుంది. గరగరమని గొంతు వచ్చింది.
టై కట్టుకున్న పెద్దమనిషి, వెనకాల జెండాలు.
"ఏవంటన్నాడు?"
"విచారిస్తున్నాం అంటున్నాడు."
"ఎవర్ని?"

పదేళ్ళుగా టీవీలు బాగుచేస్తున్నాను.
ఆ ఒక్క మాటకి రెండర్థాలున్నాయని
అప్పటిదాకా నాకు తట్టలేదు.
బాధపడుతున్నాం అని, అమ్మా, అన్నాను.
నా చెవికే అది సరిగ్గా అతకలేదు.

"దాని నోరు తీసెయ్, ఇందాకే బాగుంది" అంది.
తట్ట ఎత్తాను. తలగుడ్డ సర్దుకుంది.
మిల్లు వారి పేర ముప్ఫై రూపాయల బిల్లు రాస్తూ చూశాను.
రోడ్డు దాటబోయి, ఆగి, వెనక్కి తిరిగింది.
ఎప్పుడూ తిరుగుతుంది.
పక్కన వడ్ల ట్రాక్టరు హారన్ మోగిస్తోంది,
ఆమె చూస్తున్నది
ట్రాక్టర్ని కాదు.