తోలు చేతొడుగు

షిప్‌యార్డులో నాకు ఒక జత ఇచ్చారు,
మోచేతి దాకా వచ్చే ముతక తోలువి.
తొడుక్కుంటే చెయ్యి నాది కాదు.
ఆ పుస్తకాల్లో చేతొడుగంటే వేరు.
వేలివేలికీ తెల్లటి పట్టు.
ఎవరో దొరసాని మంచులో జారవిడుస్తుంది,
ఎవడో మిలటరీవాడు వంగి తీసిస్తాడు,
ఆమె అందుకుని దానితోనే
అతని చెంప మీద కొడుతుంది.
అతను ఆ చెంపను
మళ్ళీ వసంతం వచ్చేదాకా కడుక్కోడు.

మూడు రూపాయలకి గట్టి అట్ట పుస్తకం.
టర్నర్ సత్రం ముందు ఆగే వ్యానులో
జార్ల కాలం ప్రేమలు తెలుగులో దొరికేవి.
వాటిలో ముద్దులు తక్కువ, క్షమాపణలు ఎక్కువ.
ఎవరు ముందు మోకాళ్ళ మీద పడితే
వాళ్ళు గెలిచినట్టు.
మంచు తుఫాను వచ్చే పేజీలన్నీ
నా చెమటకి, ఈ ఊరి ఉప్పుగాలికి
అప్పడాల్లా ఉబ్బిపోయాయి.

పరదేశమ్మ డాబాగార్డెన్స్ ఎక్స్ఛేంజీలో లైన్లు కలిపేది.
"ఊరి తగువులన్నీ నా సెవిలోంచే ఎల్తాయి" అనేది.
పుస్తకం ముందు తను చదివి నాకిచ్చేది,
పెన్సిలు గీతలతో.
ప్రేమ మాటల కింద గీత ఉండేది కాదు.
"పొండి" అన్నచోట,
"మీ ముఖం చూస్తే నాకు రోత" అన్నచోట,
గుమ్మంలో ఒకడు టోపీ చేతబట్టుకుని
పోలేక నిలబడ్డచోట, రెండు గీతలు.

నాకు అర్థమైపోయింది.
ఆమెకి ఏం కావాలో, నేను ఏం కావాలో.

భీమిలి బస్సు దగ్గర ఐదింటికి రమ్మని తను రాలేదు.
ఆరు. ఏడున్నర. శనగలవాడు కూడా పోయాడు.
యారాడ కొండ మీద లైట్‌హౌస్ దీపం
తిరిగి తిరిగి వచ్చి నన్ను చూసి పోతోంది.
నిజం చెప్పనా, బాగుంది.
రాని మనిషి కోసం కాళ్ళు లాగుతుంటే
ఒంట్లో ఎక్కడో తీపి ఊరింది.
మర్నాడు "ఏటి, నిజింగా నిలబడ్డావా?" అంది.
ఆ మాటని వారం రోజులు చప్పరించాను.

తర్వాత అడక్కుండానే నిలబడ్డాను.
వాయుగుండం రోజున గొడుగు మడిచి చంకలో పెట్టుకుని
ఎక్స్ఛేంజీ మెట్ల కింద తడిసాను,
ఆమె చూసేదాకా.
"నీ చేతులు గరుకు" అని ఎప్పుడో నవ్వుతూ అందని
ఒక మధ్యాహ్నం చేతొడుగు తీసి
అప్పుడే అతికిన ఇనుము మీద
అరచెయ్యి ఆనించాను.

కట్టు విప్పి చూపించాను.
ఆ కథల్లోలాగా ఆమె ఏడుస్తుందనుకున్నాను,
నా చెయ్యి తన చెంపకి ఆనించుకుంటుందనుకున్నాను.
పరదేశమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.
"ఎవులు సెయ్యమన్నారు నిన్ను?
ఆ గీతలు చూసా?"
కాసేపు రోడ్డు మీద లారీల చప్పుడే.
"అవి నేను అందామని గీసినవి కాదు.
నేను పడ్డ మాటలు.
గాజువాకలో, నాలుగేళ్ళు, ఆ ఇంట్లో.
రష్యాలో కూడా ఇంతేనా అని
గీసుకున్నాను."
పుస్తకం తీసుకోలేదు. వెళ్ళిపోయింది.
తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా
వేరే గొంతు "నంబర్ ప్లీజ్" అనేది.

వంగినవాడికి పాపం అంటదని ఆ కథలు చెప్పాయి.
లేకపోతే నేనలా చదువుకున్నాను.
చెంప చూపించినవాడు
ఎదుటి మనిషి చెయ్యి అడగకుండా లాక్కుంటాడు.
నేను ఆమె చేతిని తొడుక్కుని,
ఆ ముతక తోలుని తొడుక్కున్నట్టే,
నన్ను నేను కొట్టుకున్నాను.
దెబ్బ నాకు తగిలిందని మురిసిపోయాను.
చెయ్యి ఎవరిదో
అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు వ్యాను రాదు. ఎక్స్ఛేంజీలో తీగలు కలిపే మనిషి లేదు.
పోర్టు దుమ్ము కిటికీ చువ్వల మీద ఎర్రగా పేరుకుంటుంది,
తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ.
అరచేతిలో ఆ మచ్చ దగ్గర
వేడీ తెలియదు, చల్లనా తెలియదు.

నిన్న రబ్బరు తీసుకుని కూర్చున్నాను.
"పొండి" కింద గీత పోయింది.
రుద్దీ రుద్దీ, దాని పైన అచ్చు కూడా
కొంచెం పోయింది.