పోయినవి కావు

ఉరవకొండ జూనియర్ కాలేజీ, కంప్యూటర్ గది.
ఏదో బ్యాంకు వాడి వదిలేసిన పందొమ్మిది పెట్టెలు,
వాటిలో నా చేత్తో ఎక్కించిన లైనక్సు,
నా సెల్లు నుంచి సన్నదారంలా సాగే నెట్టు.
ఎనిమిదికి కరెంటు తీస్తామన్నారు.
ఐదున్నరకే అప్‌డేట్ మొదలుపెట్టాను.

కొత్త కెర్నెల్ దిగింది, విప్పుకుంది,
రేపు నిద్రలేవడానికి కావలసిన మూట కట్టుకుంటోంది.
అప్పుడు మొదలైంది,
తెరనిండా చీమలబారు:
ఫలానా ఫర్మ్‌వేర్ మిస్సింగ్ కావచ్చు
ఫలానా ఫర్మ్‌వేర్ మిస్సింగ్ కావచ్చు
ఫలానా

తలుపు దగ్గర టార్చిలైటు ఆగింది.
పెన్నోబులేసు, వాచ్‌మేన్, రిటైరుకు పదకొండు నెలలు.
ఇంగ్లీషు చదవడు గానీ
ఆ ఒక్క మాట ఆకారం గుర్తుపడతాడు,
ఆడిట్ కాగితాల్లో ఎర్రసిరాతో చూసినవాడు.

"ఏమి పోయిండాది మేడమ్?"
"ఏం పోలేదు."
"ఇన్ని తూర్లు రాసిండాది గదా! రేపు నా మీదికొస్తాది."

ఎట్లా చెప్పాలి.
డ్రైవరనేది ఒక పెద్ద కుటుంబాన్ని ఎరిగిన మంత్రసాని.
అన్నదమ్ముల్లాంటి చిప్పులు వంద,
లేవగానే ఒక్కోడికి ఒక్కో ఉగ్గు.
ఈ పెట్టెలో ఉండేది వాళ్లలో ఒక్కడే.
అయినా మూట కట్టేటప్పుడు
వందమంది గిన్నెలూ వెతుకుతుంది,
కనిపించని ప్రతి గిన్నెకూ ఒక కేక పెడుతుంది.

ఆయన టార్చి ఆర్పి గడప మీద కూర్చున్నాడు.
"బాటనీ రూములో మైక్రోస్కోపులు పన్నెండని రిజిస్టరు.
వచ్చింది నాలుగే.
ఎనిమిది యాడియని ఏటేటా నన్నే అడుగుతారు.
ఒక తూరి ఇంక్రిమెంటు గూడా ఆపిరి."
కాసేపాగి,
"రాని వస్తువులకు గూడా నేనే కాపలా."

నేను చెప్పలేకపోయింది అదే.

అయినా ఈ జిల్లాలో 'వచ్చు' అనే మాటని
అంత తేలిగ్గా తీసేయలేం.
వాన పడవచ్చు. బీమా రావచ్చు. కాలవకు నీళ్లు వదలవచ్చు.
'వచ్చు' విని శెనగవిత్తనం చల్లినవాళ్లూ
'వచ్చు' విని నవ్వి పడుకున్నవాళ్లూ
మా వీధిలోనే ఉన్నారు. ఇద్దరూ అప్పుల్లోనే ఉన్నారు.

అందుకని లేచి
ఒక్కో పెట్టెనీ అడుగుతూ పోయాను:
నీ కడుపులో నిజంగా ఉన్నదెవరు?
పొద్దున లేచినప్పుడు ఎవర్ని పిలిచావు, ఎవరు పలకలేదు?
పద్దెనిమిది పెట్టెల లాగ్‌లో ఆ ఊసే లేదు.
కిటికీ పక్కన ఏడో నంబరు మాత్రం
ఒక పంక్తి చూపించింది.
అందులో 'వచ్చు' లేదు.
అడిగాను. దొరకలేదు.
అంతే రాసి ఉంది, నెట్‌వర్క్ కార్డు పేరు పక్కన,
జూన్ నుంచి, ప్రతి ఉదయం.

జూన్ నుంచి ఏడో నంబరుకు నెట్టు తెగుతోంది.
వైరు మార్చాను. ఎలకల్ని తిట్టాను.
అక్కడ కూర్చునే గంగరత్నని
అందరి ముందరా అన్నాను,
నీ చెయ్యి పడితే చాలు ఏదైనా ఆగిపోతుందని.
ఆ పిల్ల అప్పట్నుంచి
కీబోర్డుని వేడి పెనంలా ముట్టుకుంటోంది.

కావలసిన ఫైలు చిన్నదే, ఒక ఫొటో కంటే చిన్నది.
ఇన్నాళ్లూ దాని పేరు
అక్కర్లేని పేర్ల మధ్యే నిలబడి ఉంది.
నేనే అన్నింటినీ కలిపి
'ఏం కాదులే' అని దాటేశాను.

ఫైలు దించి, దాని చోట పెట్టి,
మూట మళ్లీ కట్టించాను.
ఏడో నంబరు తిరిగి లేచేలోపే కరెంటు పోయింది,
చెప్పిన టైముకు ఆరు నిమిషాలు ముందే.
పని చేసిందో లేదో
రేపు గంగరత్న కూర్చుంటేనే తెలుస్తుంది.
ముందు తనతో మాట్లాడాల.

చీకట్లో పెన్నోబులేసు టార్చి వెలిగించి
తన డ్యూటీ పుస్తకం నా ముందు పెట్టాడు.
"ఏమీ పోలేదని రాసి సంతకం పెట్టు మేడమ్."

రాశాను:
కంప్యూటర్ గదిలో పోయినవి లేవు.
లేవని చెప్పినవి ఇక్కడికి ఎప్పుడూ రానివే.
ఒకటి మాత్రం నిజంగా లేదు. తెచ్చి పెట్టాను.

చదివించుకుని విన్నాడు. పుస్తకం మూయలేదు.
టార్చి వెలుగు ఆ పంక్తుల కిందికి,
ఖాళీ జాగాలోకి జరిపాడు.

"ఆ ఎనిమిదీ గూడా రాయి మేడమ్."