తోలు చూసే వేలు

మనామా సూక్‌లో, బంగారం కొట్లు దాటాక
సియాల్‌కోట్ బషారత్ దుకాణం.
బల్ల మీద బ్రీఫ్‌కేసులు పరిచి
"దఫ్తర్‌కా, సైట్‌కా?" అన్నాడు.

రెంటికీ.
మొన్నటిదాకా ఫోర్‌మన్ పక్కన హాజరు రాసేవాణ్ణి.
ఆదివారం నుంచి క్యాంపులో నలభై ఇద్దరి
సీపీఆర్ కార్డుల రెన్యువల్ నా మీద.

మెరిసేదాన్ని ముందే పక్కకు నెట్టాను.
ఎర్రది మడత దగ్గర అట్టలా చిట్లింది.
అడుగున ఒకటి, బెల్లం రంగుది,
పాతకాలపు ఇత్తడి గొళ్ళాలది.
బొటనవేలు నొక్కి వదిలితే
ముడతలు నీళ్ల మీద గాలిలా కదిలి
సర్దుకున్నాయి.
కుట్లు లెక్కపెట్టాను. అంగుళానికి ఏడు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
మందుతో కాదు, చెట్టు చెక్కతో పదును చేసిన తోలు.

బషారత్ కళ్ళు చిన్నవి చేసి
"ఈ పని ఎక్కడ నేర్చావు భాయ్?"

చెప్పలేదు.
కోరుట్ల అవతల మా లంద,
మోచేతులదాకా తంగేడు రంగు దిగిన అవ్వ,
ఊరి మోటలన్నిటికీ తొండాలు కుట్టిన నర్సవ్వ.
బడిలో నా పక్కన ఎవరినీ కూచోనివ్వని
ఆ వాసనకే
ఇక్కడ ముప్పై నాలుగు దినార్లు.

బేరమాడితే ఇరవై తొమ్మిదికి దిగాడు.
తాళానికి అంకెలు పెట్టుకోమన్నాడు.
అవ్వ పుట్టిన ఏడు పెడదామనుకున్నాను,
ఎవరూ రాసిపెట్టలేదు.
మూడు సున్నాలూ అలాగే ఉంచేశాను.

సిత్రా బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
పక్క సీటతను
నిద్రలో
దాని మీదికి ఒరిగాడు.