కాశీనగరం, ఏడో బూతు

మన ఇల్లయితే టిక్కు, వాళ్లదైతే ఇంటూ,
తేలని ఇంటికి సున్నా.
వంశధార గట్టు వీధిలో ఈ వారం నా పని అదే.

లిమ్మన్న గోడ మీద మా గుర్తే.
"సున్నం కర్సు మీదే గదా" అని నవ్వాడు.
టిక్కు పెట్టాను.

తవిటమ్మ అవతలి పార్టీ కండువాని తడిపి
చేపలబుట్ట మీద కప్పింది.
"తెలుగుబడికి పంతులొస్తే సెప్పు బావూ,
జెండా పేరు అప్పుడడుగు."

పెన్ను ఆగింది.
ఆ బడిలోనే నాకు అక్షరాలొచ్చాయి.
ఒడియాలో అచ్చయిన ఈ జాబితాలో
నా పేరు నేనే కూడబలుక్కోవాలి.

చివరి వరసలో ఉంది:
గేదెల సూర్యం, ముప్పై నాలుగు.

మెడలో కండువా, చెమటకి తడిసి.
చుట్టూ చూసి
సున్నా చుట్టాను.
కొసలు కలవలేదు.