సీసా మీది పేరు

పోశెట్టి కువైట్ నుంచి అచ్చిన్నాడు
ఎడమ చెయ్యి మీద ముద్ర కొట్టింది నేనే.
ఓట్ల సిరా. సబ్బుకు పోదు, బూడిదెకు పోదు.
తలుపుకు కాయితం అంటించి
పద్నాలుగు దినాలని రాసిన.
ఆశ వర్కర్ రోజూ పొద్దుగాల పోయి
కిటికీ బయటికెల్లి అడిగేది,
దగ్గున్నదా, దమ్మస్తున్నదా?
లోపటికెల్లి ఒక్కటే జవాబు:
"ఛుట్టీ ఒడుస్తున్నది."
దానికి నా రిజిస్టర్ల గడి లేకుండె.

మరుసటేడు ఎండకాలం
ఐసు పెట్టె మోటరు సైకిల్ ఎక్కి
రాయికల్ నుంచి మా ఊరి బడికి అచ్చింది.
లైన్ల మొదటోడు పోశెట్టి.
అంగీ మడుచుకుంటనే అడిగిండు,
"ఏ కంపెనీది సిస్టర్?"
ఎనుక నూటిరువై మంది. పంక తిరుగుతలేదు.
"ఏదైతేంది, మందు మందే" అన్న.

అబద్ధమాడలేదు నేను.
ఆ మందు ఆయన పానాన్ని కాసింది,
ఊర్ల ఉన్నంత సేపు.

తర్వాత ఫోన్లల్ల పట్టిక తిరిగింది.
అక్కడోళ్లు ఒప్పుకునేటియి నాలుగు పేర్లు.
మా సీసా మీది పేరు అండ్ల లేదు.
"రెండు సూదులు పడ్డయి గదనే?"
"పడ్డయి కాకా, లెక్కకు రావు"
అన్నడట మీసేవ పిలగాడు,
పట్టాల సర్వే నంబరు తప్పు పడ్డోళ్లకు చెప్పినట్టే.
కొందరు సముద్రం నడుమ ఏదో దీవిల
ఏ రోగం లేకున్నా పద్నాలుగు దినాలు పండి
ఆడికెల్లి పోతున్నరట. లక్షా డెబ్బై వేలు.
పోశెట్టి అకామా ఇంక నాలుగు నెలలు.

నా దగ్గరికచ్చి కుడి చెయ్యి చాపిండు,
"గిండ్ల ఆ కంపెనీది ఇయ్యి."
కంప్యూటర్ ఒప్పుకోదన్న.
నేను ఒప్పుకోనని దాని మీద పెట్టి చెప్పిన.

కోరుట్ల క్యాంపుల మొకం ఎవరు చూస్తరు?
తమ్ముని ఆధార్, అన్న భుజం.
ఎనభై నాలుగు దినాల ఎడంతోని రెండు సూదులు.
పేరు నేను మారుస్తనన్న ఏజెంటు
ఫోను బందు వెట్టుకున్నడు.
ఇగ కాయితం ఏం చెప్తదంటే,
జగిత్యాల దాటి ఎరుగని లింబాద్రి
కువైట్‌కు పనికస్తడు.
పదకొండేండ్లు ఆడ క్రేన్ తోలిన పోశెట్టి
పనికిరాడు.

వానలు ఎనుకకు పట్టినంక
మేకలు తోలుకపోతున్న లింబాద్రి
బడి ముంగట ఆగి చెయ్యి చూపిండు.
నంబరు కొట్టిన.
మీకు రెండు డోసులు పూర్తయినవి, అభినందనలు
అన్నది ఫోను.
"నాకా?" అన్నడు. నవ్విండు.
మేకలు బడి గోడకున్న తీగ మేస్తున్నయి.

పొద్దుగూకింది. సీసల ఒక్క డోసు మిగిలింది,
ఇంకో పావుగంటైతే పారబొయ్యాలె.
పారబోసిన అని రాసి
లింబాద్రికి ఇచ్చిన.
పదమూడేండ్ల నౌకరిల
పేరు రాయకుండ ఇచ్చిన సూది అదొక్కటే.
మందు లేని కాయితం ఆ ఇంట్ల ముందే ఉన్నది,
కాయితం లేని మందు నేను కలిపిన.

అకామా ఒడిసిన తొమ్మిదో దినమో పదో దినమో
టీవీల చెప్పిండ్రు,
మా సీసా పేరునూ ప్రపంచం ఒప్పుకున్నదని.
వాడకట్టుల పటాకలు పేలినయి.
దానికోసం కాదు,
మర్నాడు దీపావళి.

ఇప్పుడు నేను సూది గుచ్చే ముందు
సీసాను వెలుతురుకు పట్టి
పేరు బయటికి చదువుత,
హాజరు పిలిచినట్టు.
జనం ఇసుక్కుంటరు,
"ఏదైతేంది సిస్టర్, మందు మందే."

మూడో సూదికి పోశెట్టి అచ్చిండు.
మెట్‌పల్లిల జేసీబీ తోలుతున్నడు, గోర్లల్ల గ్రీసు.
పేరు చదివిన. ఇన్నడు. తల ఊపిండు.
దూదితోని కుడి భుజం తుడువవోతే
గుంజుకున్నడు.
"ఎడమకియ్యి సిస్టర్,
కుడిది లింబాద్రిది."